తోకచుక్కా, గోదావరి వరదా

1986 మార్చి. ఖమ్మంలో డిగ్రీ చదువుతున్న రోజులు. సెలవుకి భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊరెళ్లాను. తెల్లవారుజామున గోదావరి ఇసుకలో నిలబడి ఆగ్నేయం వైపు చూస్తే, మసగ్గా దూదిపింజలా కనిపించింది హేలీ తోకచుక్క. "తోకచుక్క లేసిందంటే మంచిది కాదురా అయ్యా" అంది నాయనమ్మ. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. మా ఇంటి మట్టిగోడలు కరిగిపోయాయి. "చెప్పానా?" అంది నాయనమ్మ. ఆవేళ నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ తోకచుక్క అంటే ఏమిటి? మంచూ దుమ్మూ కలిసి గడ్డకట్టిన ముద్ద. హేలీ పొడవు సుమారు 15 కిలోమీటర్లు, వెడల్పు 8. ఆ మార్చి 14న యూరప్ వారి జియోటో నౌక 600 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది, దగ్గరవుతూ ఫోటోలు తీసింది. చూస్తే, ఆ ముద్ద మన ఇల్లెందు బొగ్గంత నలుపు! సూర్యుడి వేడికి మంచు ఆవిరై, దుమ్ముని వెంటేసుకుని తోకగా సాగుతుంది. ఆ తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది.

దాని కక్ష్య బాగా సాగదీసిన దీర్ఘవృత్తం. సూర్యుడికి దగ్గరి కొస 8.8 కోట్ల కిలోమీటర్లు. దూరపు కొస 525 కోట్లు, అంటే నెప్ట్యూన్‌కి అవతల. గ్రహాలు తిరిగే దిశకి ఎదురుగా, సుమారు 76 ఏళ్లకో చుట్టు. దగ్గరి కొసలో వేగం సెకనుకి 54 కిలోమీటర్లు. దూరపు కొసలో ఒక్క కిలోమీటరైనా ఉండదు.

1531, 1607, 1682లో వచ్చింది ఒకటే చుక్క అనీ, 1758లో మళ్లీ వస్తుందనీ ఎడ్మండ్ హేలీ లెక్కగట్టాడు. 1742లో ఆయన పోయాడు. చుక్క మాత్రం 1758 క్రిస్మస్ రాత్రి కనిపించింది.

ఇక నాయనమ్మకి జవాబు. వరదనాటికి ఆ చుక్క సూర్యుడికి 40 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. 2022 జులైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులకి వచ్చింది. అప్పుడు హేలీ ఎక్కడుంది? దాదాపు దూరపు కొసలో! వరద తెచ్చింది ఎగువన కురిసిన వానలు. చుక్కని తిడితే కరకట్ట ఎత్తు పెరగదు కదా.

2023 డిసెంబరులో హేలీ వెనక్కి మళ్లింది. 2061 జులైలో సూర్యుడి దగ్గరికి వస్తుంది. అప్పటికి నేనుండను, మీరుంటారు. ఊళ్లో ఏ ముసలమ్మో భయపడితే, నాలా నవ్వి ఊరుకోకండి. పక్కన కూర్చుని లెక్క చెప్పండి.