మీకు తెలుసా? ఒమన్‌కూ మనకూ ఒక కంటి చుట్టరికం ఉంది

• ట్రకోమా అనే అంటు కంటిజబ్బును అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొట్టమొదట గుర్తించిన దేశం ఒమన్. అది 2012లో. మన దేశానికి ఆ గుర్తింపు 2024లో దక్కింది. మొహం కడుక్కోవడానికి నీళ్లు, పరిసరాల శుభ్రత, యాంటీబయాటిక్, రెప్పకు చిన్న ఆపరేషన్ అందితే ట్రకోమా తోకముడుస్తుంది.

• గ్లకోమా, అంటే మన నీటికాసులు, అలా లొంగే రకం కాదు. చాలామందిలో కంటిలోపల ఊరే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది, కంటినరం నలిగిపోతుంది. శుక్లం తీయిస్తే చూపు వస్తుంది. గ్లకోమావల్ల పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. 2005లో జరిగిన ఒమన్ నేత్ర సర్వేలో 30 ఏళ్లు దాటిన ఒమనీల్లో నూటికి దాదాపు ఐదుగురికి ఇది ఉన్నట్టు తేలింది.

• ఇది ముసలితనపు జబ్బేనా? కాదు, పుట్టుకతోనూ వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో సుమారు 10,000 మంది శిశువుల్లో ఒకరికి కనిపిస్తే, ఒమన్ పక్కనున్న సౌదీ అరేబియాలో 2,500 మందిలో ఒకరికి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందిలో ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాల లెక్క. గల్ఫ్ ఎడారికీ గోదావరి గట్టుకీ ఈ పోలిక ఎక్కడిది?

• పెళ్లి పందిట్లోంచి వచ్చింది. ఒమన్‌లో దాదాపు నాలుగోవంతు పెళ్లిళ్లు తోబుట్టువుల పిల్లల మధ్యే జరుగుతాయని 2000లో వెలువడిన అధ్యయనం చెప్పింది. మనకు మేనరికాలున్నాయి. తేడా ఏమిటంటే, అక్కడ బాబాయి కూతురినీ చేసుకుంటారు. మనకు ఆమె చెల్లెలు, ఆ మాటంటేనే చెంపలు వేసుకుంటాం. మేనమామ కూతురైతే మాత్రం మేళం పిలుస్తాం! జన్యువుకు ఈ వరసలేవీ తెలియవు. దానికి ఇద్దరూ ఒకే తాతకు మనవలే.

• పుట్టుకతో వచ్చే ఈ జబ్బుకు ముఖ్య కారణమైన సీవైపీ1బీ1 అనే జన్యువును 1997లో గుర్తించారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ లోపభూయిష్టమైతేనే బిడ్డకు జబ్బు వస్తుంది. దంపతులిద్దరిలోనూ ఒక్కో లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ ముప్పు నాలుగింట ఒక వంతు. ఒమనీ పిల్లల్లోనూ, హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరీక్షించిన కుటుంబాల్లోనూ ఈ జన్యువులోనే లోపాలు బయటపడ్డాయి.

• "బిడ్డవి ఎంత చక్కటి చేరడేసి కళ్లో!" అని చుట్టాలు మురిసిపోతుంటే అమ్మమ్మ దిష్టి తీస్తుంది. నిజానికి అక్కడ పిలవాల్సింది డాక్టర్‌ని కావచ్చు. పసికందు కంటిగోడ మెత్తన. లోపలి ఒత్తిడికి గుడ్డే సాగి పెద్దదవుతుంది. వెలుతురు చూస్తే కళ్లు మూసేసుకోవడం, ఊరికే నీళ్లు కారడం, నల్లగుడ్డు మసకబారి నీలంగా కనిపించడం తోడైతే ఒక్క వారం కూడా ఆగకూడదు. మందుచుక్కలు ఆపరేషన్ దాకా ఆసరా మాత్రమే, అసలు వైద్యం కత్తిదే. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో ఇలాంటి పసికళ్లకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. గ్లకోమా వైద్యుడికి దేశం ఇచ్చిన అరుదైన గౌరవం ఇది. మన పత్రికలు ఇంకాస్త సందడి చేయాల్సింది.

• ఇక పెద్దల సంగతి. 1990ల చివర ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల సర్వే హైదరాబాద్‌లో ఇళ్లనుంచి పిలిచి పరీక్షిస్తే, నొప్పి తెలియకుండా ముదిరే రకం గ్లకోమా 27 మందిలో దొరికింది. తమకు అది ఉందని అంతకుముందే తెలిసినవారు ఇద్దరు. సగం మందిలో అప్పటికే బాగా ముదిరిపోయింది. కార్పొరేట్ ఆసుపత్రుల నగరంలో ఇదీ పరిస్థితి.

• మస్కట్‌లో ఎండకూ దుమ్ముకూ పనిచేసే మనవాళ్లకు ఒక మాట. కళ్లు దురద పెడితే, ఎప్పుడో ఎవరికో రాసిన స్టెరాయిడ్ చుక్కల్ని నెలల తరబడి వేసుకోవద్దు. దురద హాయిగా తగ్గుతుంది, కొందరిలో లోపల ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి పేరుంటే అది స్టెరాయిడే.