తమ్ముడు మహారాజైన సీమ

అడ్డరోడ్డు దగ్గర జాతీయ రహదారి వదిలి నర్సీపట్నం వైపు మళ్లితే దారిలో వచ్చే మండల కేంద్రం కోటవురట్ల. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఈ సీమను తడిపే వరాహ నది కిందికి సాగి లక్క బొమ్మల ఏటికొప్పాకను ఒరుసుకుంటూ పోతుంది. చెరకుకూ వరికీ పేరున్న ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే తూర్పు చాళుక్య రాజ్యపు తొలి ఆనవాళ్లు దొరికాయి.

ఆ రాజ్యం పుట్టిన తీరు చెప్పే ముందు దూరదేశపు పోలిక ఒకటి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం నడుమ, నేటి అఫ్గానిస్థాన్ ఉత్తర భాగమైన బాక్ట్రియాను సెల్యూసిడ్ చక్రవర్తుల తరఫున డయోడోటస్ అనే గ్రీకు అధికారి పాలించాడు. ఏలికలు దూరం, వాళ్ల చిక్కులు వాళ్లవి. పిడుగు విసిరే జ్యూస్ దేవుడి బొమ్మతో వచ్చిన అక్కడి నాణేల మీద మొదట చక్రవర్తి ఆంటియోకస్ పేరుండేది. తర్వాత అదే బొమ్మ పక్కన డయోడోటస్ పేరు వచ్చింది. ఒక ప్రాంతాధికారి స్వతంత్ర రాజైన కథకు ఆ నాణేలే పెద్ద సాక్ష్యం.

మనకూ అలాంటివాడున్నాడు. బాదామి చాళుక్య చక్రవర్తి రెండో పులకేశి పిఠాపురం కోటను గెలిచిన సంగతి 634 నాటి ఐహోళె శాసనం చెబుతుంది. గెలిచిన తీరసీమను ఏలే పని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడిది. అంతకుముందు సతారా శాసనంలో ఆయన అన్నచాటు యువరాజు. తన 18వ పాలనా సంవత్సరంలో వేయించిన చీపురుపల్లి రాగిరేకుల నాటికి మాత్రం ఆయనే మహారాజు. శ్రావణ మాసపు చంద్రగ్రహణం వేళ దిమిల విషయంలోని కల్వకొండ గ్రామాన్ని దానమిచ్చాడు. విషయమంటే అప్పట్లో ఓ పాలనా విభాగం. ఆ దిమిలే నేటి దిమిలి. ఆయనదే మరో రాగి శాసనం అప్పటి సర్వసిద్ధి తాలూకాలోని తిమ్మాపురంలో దొరికింది. ఒకవైపు సింహం, మరోవైపు త్రిశూలం, అటూ ఇటూ దీపాలతో ‘విషమసిద్ధి’ అనే ఆయన బిరుదున్న నాణేలు యలమంచిలిలో బయటపడ్డాయి.

అన్నదమ్ములు కత్తులు దూసుకున్నారని ఈ శాసనాలేవీ చెప్పవు. సొంత పేరుతో భూదానం చేయడం, సొంత ముద్ర వేయడం, కొడుక్కి రాజ్యం అప్పగించడం... వీటితోనే తూర్పు చాళుక్యుల కొత్త రాజ్యం నిలబడింది. ఆ కొడుకు మొదటి జయసింహుడి బిరుదు సర్వసిద్ధి. నేటికీ ఎస్.రాయవరం మండలంలో ఆ పేరుతో ఊరుంది. మండలం పేరులోని ‘ఎస్’ కూడా అదే.

642లో పల్లవులు వాతాపిని, అంటే బాదామిని, పట్టుకున్నారు, పులకేశి కన్నుమూశాడు. తమ్ముడు నాటిన రాజ్యం మాత్రం నాలుగు శతాబ్దాలకు పైగా బతికింది. ఆ వంశంలోని రాజరాజ నరేంద్రుడి కొలువులోనే నన్నయ మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకున్నాడు. తెలుగు సాహిత్యానికి నీడనిచ్చిన కొలువు మొదటి అడుగుల్లో కొన్ని ఈ మట్టి మీదే పడ్డాయి.

కోటవురట్ల బడిపిల్లలకు వేంగి, రాజమహేంద్రవరం పేర్లు పాఠంలో ఎలాగూ వస్తాయి. దిమిలి, సర్వసిద్ధి, యలమంచిలి పేర్లు కూడా ఆ పాఠంలో చేరాలి. ఈ ఊళ్లలో శాసనాల వివరాలతో ఒక్కో శిలాఫలకం నిలబెడితే, తాము ఎంత పాత చరిత్ర మీద నడుస్తున్నారో వాళ్లకు తెలుస్తుంది.