బొంతకు త్రికోణాలు కుట్టడం ఎలా?

చలికాలం వస్తోంది. పాత లంగాలు, చొక్కాలు పారెయ్యకండి, బొంత కుట్టుకుందాం. రెండు రంగుల త్రికోణాలు కలిస్తే ఒక చదరం అవుతుంది. దీన్నే హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్ అంటారు.

పోయినసారి నేను ముందే త్రికోణాలు కోసి, తర్వాత కుట్టాను. అన్నీ సాగి వంకరపోయాయి. అమ్మ పాత చీర పాడైంది, అది మళ్ళీ రాదు గదా! ఎందుకిలా? బట్ట పడుగు, పేక దారాల వెంట అంతగా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. త్రికోణం పొడుగు అంచు ఐమూలే. అందుకని ముందు కుట్టు, తర్వాత కత్తెర.

మొదటి పద్ధతి: చెరో రంగువి 5 అంగుళాల చదరాలు రెండు తీసుకోండి. మంచివైపులు లోపలికి వచ్చేట్టు ఒకదానిమీద ఒకటి పెట్టండి. మూల నుంచి మూలకు కర్ణం గియ్యండి. గీతకు అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టండి. గీతమీద కొయ్యండి. రెండు చదరాలు వస్తాయి. నాలుగున్నర అంగుళాలకు సరిచెయ్యండి. బొంతలో కలిపాక 4 అంగుళాలు మిగులుతాయి.

రెండో పద్ధతి: 10 అంగుళాల చదరాలైతే రెండు కర్ణాలూ గీసి, ప్రతి గీతకూ ఇరువైపులా కుట్టండి. ముందు నిలువుగా, అడ్డంగా సగానికి, తర్వాత గీతలమీద కొయ్యండి. ఒకేసారి 8 వస్తాయి.

రెండో పద్ధతిలో కత్తెర కుట్లకు అడ్డం పడుతుంది, చేతికుట్టు ఊడిపోవచ్చు. మిషను లేనివాళ్ళకు మొదటిదే మేలు.

ఒక్క జత కుట్టి, కొలిచి చూసుకున్నాకే మిగతా బట్ట మీద కత్తెర పెట్టండి!