తెలుగులో సోడా, కూల్ డ్రింక్ పదాల వాడుక

సోడా, గోలీసోడా, కూల్ డ్రింక్, శీతల పానీయం అనునవి గ్యాసు కలిపిన పానీయాలకు తెలుగువారు వాడే పేర్లు. ఇవి పర్యాయపదాలుగా కనిపించినా నిజానికి కావు. సికింద్రాబాదులోని మోండా మార్కెట్ వద్ద "సోడా" అని అడిగితే తీపి లేని ఉత్త గ్యాసు నీరు ఇస్తారు. అమెరికాలోని న్యూజెర్సీలో అదే మాటకు కోలా వంటి తీపి పానీయం వస్తుంది. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్ళే మధుమేహ రోగులు ఈ భేదాన్ని తెలుసుకొని ఉండటం అవసరం. అక్కడి 355 మిల్లీలీటర్ల కోకా కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. మన సోడా కావలసినవారు అక్కడ "క్లబ్ సోడా" అని అడగాలి.

సోడా అను పేరు

సోడా అంటే అసలు సోడియం సంబంధమైన క్షారం. వంట సోడా, బట్టల సోడా అను మాటలలో ఆ అర్థమే నిలిచి ఉంది. నీటిలో బొగ్గుపులుసు వాయువును, అనగా నేటి పాఠ్యపుస్తకాలలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను, కరిగించే పద్ధతిని 1767లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్లీ కనుగొన్నాడు. తొలినాళ్ళలో ఇటువంటి నీటిలో సోడా క్షారాన్ని కూడా కలిపేవారు కనుక దానికి సోడా నీరు అని పేరు వచ్చింది. తరువాత క్షారం పోయినా పేరు మిగిలింది. తెలుగులో దీనిని కొందరు "షోడా" అని కూడా పలుకుతారు.

గోలీసోడా

ఈ పేరు పానీయాన్ని బట్టి కాక సీసాను బట్టి వచ్చింది. మెడలో గాజు గోలీ ఉండే ఈ సీసాకు ఆంగ్లేయుడైన హైరం కాడ్ 1872లో పేటెంటు పొందాడు. సీసాను తలక్రిందులుగా ఉంచి గ్యాసు నింపుతారు. లోపలి పీడనం గోలీని పైకి నెట్టి మూతి వద్దనున్న రబ్బరు వలయానికి అదిమి ఉంచుతుంది. అందువలన వేరే బిరడా అవసరం లేదు. గోలీని లోపలికి నొక్కితే గ్యాసు చప్పుడుతో బయటపడుతుంది. త్రాగేటప్పుడు గోలీ మరల మూతికి అడ్డుపడకుండా సీసా మెడలో నొక్కులు ఉంటాయి. సోడాను "తెరవడం" అని ఎవరూ అనరు, "కొట్టడం" అంటారు.

ఈ సీసా తెలుగుకు "సోడాబుడ్డి" అను పదాన్ని కూడా ఇచ్చింది. దళసరి కళ్ళజోడును సోడాబుడ్డి అద్దాలంటారు. సభలలో, వీధి కొట్లాటలలో సోడాబుడ్లు విసరడం ఒక తరం వారికి బాగా తెలిసిన విషయమే.

గోలీ పేరు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో పిల్లలు ఆడే గోలీలను గోటీలు అంటారు. మరాఠీలోనూ అదే మాట ఉన్నందున అక్కడ ఇది గోటీ సోడా. ఢిల్లీలో బంటా, కేరళలో వట్టు సోడా అంటారు. బంటా, వట్టు అన్నా గోలీయే. జపాను వారు ఇదే తరహా సీసాలో అమ్మే పానీయాన్ని రామునే అంటారు. అది లెమనేడ్ అను ఆంగ్ల పదానికి జపాను ఉచ్చారణ.

కూల్ డ్రింక్

తెలుగునాట "డ్రింక్స్" అంటే మద్యమనే అర్థం ముందు స్ఫురిస్తుంది. కూల్ అను విశేషణం ఆ అనుమానాన్ని తొలగిస్తుంది. దక్షిణాఫ్రికా ఆంగ్లంలోనూ కూల్ డ్రింక్ అనే అంటారు. పత్రికలు దీనిని "శీతల పానీయం" అని అనువదించాయి గాని ఆ లెక్కన మజ్జిగ కూడా శీతల పానీయమే. వాడుకలోని కూల్ డ్రింక్ అయినా గ్యాసును బట్టి ఏర్పడిన విభజన కాదు. గ్యాసు లేని మామిడి పానీయం మాజాను కూడా కూల్ డ్రింక్ అనే పిలుస్తారు.

సికింద్రాబాదు 1806లో బ్రిటిష్ కంటోన్మెంటుగా ఏర్పడింది. రైల్వే స్టేషనుకు దగ్గరలోనే ఉన్న మోండా మార్కెట్‌లో తెలుగు, ఉర్దూ, తమిళం, మార్వాడీ కలగలిసి వినిపిస్తాయి. తెలుగువారి కూల్ డ్రింకే ఉర్దూ, హిందీ వారికి ఠండా. తమిళంలో పెద్దలు దానినే "కలర్" అనేవారు. తీపి పానీయాలకు రంగు ఉండటమే ఇందుకు కారణం.

కొన్నిచోట్ల కంపెనీ పేరే పానీయం పేరుగా చెల్లుతుంది. 1977లో కోకా కోలా దేశం విడిచి వెళ్ళగా అదే సంవత్సరం పార్లే సంస్థ థమ్స్ అప్‌ను తెచ్చింది. 1993లో కోకా కోలా తిరిగివచ్చి దానిని కొనుగోలు చేసినా పేరును మాత్రం మార్చలేదు. గోదావరి జిల్లాల వారికి రామచంద్రపురంలో తయారయ్యే ఆర్టోస్ సుపరిచితం. రాయలసీమలో నన్నారి సోడా ప్రసిద్ధి. నన్నారి అంటే సుగంధపాల వేరు. కోస్తాలో దాని షర్బత్‌ను సుగంధి అంటారు.

అమెరికాలో

తెలుగువారు ఎక్కువగా నివసించే ఊళ్ళలోనే మూడు వాడుకలు కనిపిస్తాయి. న్యూజెర్సీలో సోడా, షికాగో, డెట్రాయిట్‌లలో పాప్, దక్షిణాది రాష్ట్రాలలో ఏ రకానికైనా కోక్ అనడం పరిపాటి. పాప్ అనునది బిరడా ఊడినప్పటి శబ్దాన్ని అనుకరించే పదం.

2025 మార్చిలో భారత ప్రభుత్వ సంస్థ అపెడా గోలీసోడాను విదేశాలకు పరిచయం చేసింది. ఆ సరుకుకు పెట్టిన పేరు "గోలీ పాప్ సోడా".