దోమంత గాలం

థెస్సలొనీకలో అల్లరి చెలరేగినప్పుడు సహోదరులు పౌలును, సీలను రాత్రికి రాత్రే బెరయకు పంపించారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చదువుతాం. ఆ రెండు పట్టణాల మధ్య అస్త్రేయస్ అనే నది ఉండేదని, అక్కడి మాసిదోనియ జాలరులు చిత్రమైన పద్ధతిలో చేపలు పట్టేవారని ఏలియన్ అనే రోమా రచయిత రాశాడు. పౌలు తరువాత సుమారు 150 ఏళ్లకు రాసిన మాట ఇది. ఆ నదిలోని మచ్చల చేపలకు నీటిమీద తిరిగే ఒక ఈగంటే మహా ఇష్టం. కానీ ఆ ఈగను చేత్తో పట్టుకుంటే దాని రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, ఇక చేప దాన్ని ముట్టదు. అందుకని జాలరులు గాలానికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి ఈగ వేషం వేసేవారు. కర్ర ఆరడుగులు, దారమూ ఆరడుగులే! నేడు ‘ఫ్లై ఫిషింగ్’ అంటున్న విద్య గురించి దొరికే తొలి వర్ణనల్లో ఇదొకటి.

ఆ విద్యలో అతి సున్నితమైన భాగాన్ని అమెరికాలోని కొలరాడోలో చూశాను. అక్కడ స్థిరపడిన మన తెలుగు విశ్వాసి ఒకరు శీతాకాలంలో సౌత్ ప్లాట్ నదికి వెళ్లి ట్రౌట్ చేపలు పడతారు. ఆ చలిలో ఆయన వాడే గాలాన్ని ‘మిడ్జ్’ అంటారు.

మిడ్జ్ అంటే చూడడానికి అచ్చం దోమే, కానీ కుట్టదు. దాని పిల్లపురుగు నది అడుగున బురదలో బతుకుతుంది. కొన్ని రకాల్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది గనుక ఎర్రగా కనిపిస్తాయి. రెక్కలొచ్చే వేళకు అది మెల్లగా పైకి తేలి, నీటి ఉపరితలం కిందే వేలాడుతూ, పాత చర్మం చీల్చుకుని బయటికి రావాలి. ఆ కొద్దిసేపు దానికి తప్పించుకునే దారి లేదు. ట్రౌట్ భోజనవేళ అదే. ఆనకట్టల అడుగునుండి వదిలిన నీరు గడ్డకట్టదు గనుక, మిగతా పురుగులు కానరాని జనవరిలోనూ మిడ్జ్‌లు పుడుతూనే ఉంటాయి. రెండు కిలోల చేప ఆ నలుసులతోనే చలికాలం గడుపుతుందంటే సృష్టికర్త ఏర్పాటుకు ఆశ్చర్యపోకుండా ఉండగలమా?

ఆయన బల్లమీద చిన్న బిగింపు ఉంది. దానిలో 22వ నంబరు గాలాన్ని బిగించారు. గాలాల్లో నంబరు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. ఇది బియ్యపు గింజంత కూడా లేదు. నల్లదారం పక్కపక్కనే చుట్టి, దానిమీద సన్నని వెండిరంగు తీగను మెలికలుగా తిప్పి, తల దగ్గర ఒక పూస పెట్టారు. ‘జీబ్రా మిడ్జ్’ అయిపోయింది. మరొకటి ‘గ్రిఫిత్స్ నాట్’. దాని ఒంటికి నెమలి ఈక పోగు, పైన నలుపు తెలుపు చారల కోడిపుంజు మెడ ఈక. మిషిగన్‌లో 1959లో ‘ట్రౌట్ అన్‌లిమిటెడ్’ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జార్జ్ గ్రిఫిత్ పేరు దానికి పెట్టారు. నీటిమీద ముద్దగా తేలే మిడ్జ్‌ల గుంపులా అది కనిపిస్తుంది.

కట్టడం సులువే. కష్టమంతా నదిలోనే. “అయ్యగారూ, దీనికోసం చేప కదిలి రాదండి. దాని నోటిదగ్గరికే మనం పంపాలి” అన్నారాయన. నిజమే, ఇంత చిన్న మెతుకు కోసం బారెడు దూరం ఈదితే చేపకు నష్టమే గదా! అది తన చోట నిలబడి నోరు తెరుస్తుంది, మూస్తుంది. గాలం సరిగ్గా ఆ దారిలోనే, ప్రవాహపు వేగంతోనే రావాలి. దారం కాస్త లాగిందంటే చేప పక్కకు తప్పుకుంటుంది. అందుకే చివరి దారం మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. గట్టిగా గుంజితే తెగిపోతుంది; కర్రను మెల్లగా ఎత్తాలంతే.

యాకోబు తన పత్రిక 1:14లో శోధన గురించి చెబుతూ వాడిన గ్రీకు మాట జాలరుల మాటే. ‘దెలెయాజో’ అంటే ఎరవేసి ఆకర్షించడం. మనం సాధారణంగా పెద్ద ఎరనే ఊహించుకుంటాం. కొంగలను, గద్దలను తప్పించుకుని ఏళ్ల తరబడి బతికిన ముసలి ట్రౌట్ పెద్ద ఎరను చూసి మోసపోదు. రోజూ తినే నలుసుల్లో ఒకటిగా, ఏ లాగుడూ లేకుండా వచ్చినదానికే దొరుకుతుంది. ముప్పై ఏళ్ల పరిచర్యలో నేను చూసిన పతనాలు చాలావరకు ఇలాంటివే. కానుకల లెక్కలో ఒక చిన్న సర్దుబాటు, అది కూడా నమ్మకస్థుడని పేరున్న పెద్ద చేతిలో!

ఇదే మాట రెండవ పేతురు 2వ అధ్యాయంలో రెండుసార్లు వస్తుంది, అస్థిరులకు ఎరవేసే అబద్ధ బోధకుల గురించి. ‘మనుషులను పట్టే జాలరులు’ అని ప్రసంగిస్తూ గాలం, ఎర బొమ్మలు చూపించేవారు ఈ సంగతి గమనించాలి. గలిలయలో పేతురు, అంద్రెయలు వేస్తున్నది వల. పేతురు గాలం వేసిన సందర్భం మత్తయి 17:27లో ఒక్కటే ఉంది, అక్కడా ఎర ప్రస్తావన లేదు. ఉద్యోగమో, స్వస్థతో, వీసానో ఆశచూపి జనాన్ని కూర్చే సభలకు లేఖనంలో ఉన్న పేరు సువార్త కాదు.

లూకా 5:10లో ప్రభువు పేతురుతో అన్న మాటకు గ్రీకులో ‘ప్రాణంతో పట్టుకోవడం’ అని అర్థం. తెలుగులో ‘పట్టు’ అన్నప్పుడు ఆ సొగసు జారిపోయింది.

సౌత్ ప్లాట్ ఒడ్డున చాలామంది గాలానికి ముల్లు నొక్కేసి వాడతారు, చేపను తిరిగి వదలడం కోసమే. ముందు చేతులు తడుపుకోవాలి. పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోయి జబ్బు చేస్తుంది. గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నీళ్లలోనే పట్టుకుంటే, కాసేపు మొప్పలాడించి, తోక ఒక్కసారి విదిలించి వెళ్లిపోతుంది. ఈలోగా మన సోదరుడు జేబులోంచి భూతద్దం తీసి, కొత్త మిడ్జ్ తలలోని రంధ్రం ఎక్కడుందో వెతుక్కుంటున్నారు.