అచ్చుయంత్రము లేని పత్రికలు

చెన్నపురినుండి సేలమునకు పోవు రైలుమార్గమున తిరుపత్తూరు దాటిన పిదప సామల్పట్టి యను చిన్న స్టేషను వచ్చును. కోయంబత్తూరు బండిలో పోవు మన పాఠకులలో పలువురు దానిని దాటియే యుందురు. పేరు చదివినవారు కొలది. స్వాతంత్ర్యోద్యమ కాలమున నీ సీమ సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని వచ్చినది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా తెనుగు మాటాడు కుటుంబములు అనేకములు కలవు. వారిలో పెక్కుమందికి ఇంటిలోని మాట తెనుగు, బడిలోని అక్షరము తమిళము. తెనుగు చెవికి వచ్చును గాని కంటికి రాదు. ఇట్టివారికి తెనుగు పత్రిక యనగా ఎవరైన చదివి వినిపించునదియే. ప్రభుత్వము పత్రికల నోరు నొక్కిన దినములలో ప్రజలు వార్తను ఎట్లు నిలుపుకొనిరో విచారింపబూనినప్పుడు మాకు మొదట తోచినది ఈ వినుకలి పాఠకులే.

నోరు నొక్కుటకు కనిపెట్టిన ఉపాయములలో జామీను ముఖ్యమైనది. 1910వ సంవత్సరపు ప్రెస్సు చట్టము క్రొత్తగా అచ్చుయంత్రము నెలకొల్పువానినుండి 500 మొదలు 2000 రూపాయల వఱకు జామీను కోరుట కధికారము నిచ్చెను. వ్రాత నచ్చనిచో ఆ సొమ్ము పోవును. మఱల యంత్రము నడుపదలచినచో 10,000 రూపాయల వఱకు కట్టవలసి వచ్చును. రెండవ తప్పునకు యంత్రమే పోవును. ఆ చట్టము 1922లో రద్దయినను 1931లో వేఱొక రూపమున తిరిగి వచ్చినది. యంత్రమున్న చోటు తెలియును, యజమాని పేరు కాగితముపై నుండును; కావున చట్టమునకు పట్టు దొరకును. పట్టు దొరకని సాధనముల కొఱకు ప్రజలు వెదకుట అందుచేతనే. గరిమెళ్ల సత్యనారాయణగారిని 1922లో ఒక పాటకై చెఱసాలకు పంపిరి. పాటకు జామీను కట్టుమని ఎవరి నడుగుదురు? అది అప్పటికే వేలకొలది నోళ్లలో నుండెను.

ఈ విషయమున నైజాము రాష్ట్రపు తెలంగాణమంతటి పాఠశాల మఱియొకటి లేదు. ప్రజల భాష తెనుగు, దొరతనపు భాష ఉర్దూ. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలయునని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు. అట్టి చోట 1922లో ఓరుగల్లు ప్రాంతమందలి ఇనుగుర్తి యను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు పత్రిక'ను వారపత్రికగా వెలువరించిరి. పట్టణము కాదు, పల్లె. అక్షరములు కూర్చుట, అచ్చొత్తుట, పంపుట మొదలగు పనులను తామే చేసికొనిరి. ఆ సంవత్సరమే నల్లగొండలో షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి 'నీలగిరి పత్రిక' పుట్టినది. 1926వ సంవత్సరము మే 10వ తేదీన హైదరాబాదునుండి సురవరము ప్రతాపరెడ్డిగారి 'గోలకొండ పత్రిక' బయలుదేరెను.

గోలకొండ పత్రిక మార్గము సాహసికుల మార్గము కాదు, ఓర్పరుల మార్గము. సూటిగా ననరాని దానిని సాహిత్యము పేర, చరిత్ర పేర, గ్రంథాలయము పేర ననెను. తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగా ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. తన భాషలో బడిపెట్టుకొనుటకే అనుమతి వేడవలసిన జాతికి కవుల పట్టికయు నొక మహజరే. రాజకీయసభ కూడరానిచోట జనులు గ్రంథాలయమున కూడిరి. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మొదలు పల్లెల పఠనమందిరముల వఱకు ఒకరు చదువగా పదిమంది వినుటయే వాడుక. ఈ నెమ్మది పిఱికితనమని వెక్కిరించినవారు నాడును గలరు, నేడును గలరు. ఆ మందిరములు లేకున్నచో 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ కూడుటకు జనులెక్కడినుండి వచ్చియుందురో వారు సెలవియ్యవలెను.

ఓర్పునకు చోటులేని దినములును వచ్చినవి. మందుముల నరసింగరావుగారి ఉర్దూ పత్రిక 'రయ్యత్'ను ప్రభుత్వము నిలిపివేసెను. షోయబుల్లాఖాన్ 1947 నవంబరులో 'ఇమ్రోజ్' నారంభించి, హైదరాబాదు భారతదేశమున కలియవలెనని ఉర్దూలోనే వ్రాసెను. 1948 ఆగస్టు 22వ తేదీ రాత్రి ఆయనను నడివీధిలో చంపి, వ్రాసిన చేతిని నఱికిరి. హైదరాబాదు సైన్యము లొంగిపోయినది సెప్టెంబరు 17న. ఇరువదియాఱు దినములు! పాలకుల భాషలో పాలకుల తప్పును చెప్పినవానిపై పగ యింత తీవ్రముగా నుండుట గమనింపదగినది.

ఇక బుఱ్ఱకథ. నడుమ తంబురతో కథకుడు; ఇరువైపుల డక్కీలతో వంతగాండ్రు. ఒకడు హాస్యము చెప్పును, వేఱొకడు లోకవిషయములను, రాజకీయములను వ్యాఖ్యానించును. ఈ రెండవవాని స్థానము మన పూర్వులు ఎంత తెలివితో నేర్పఱచిరో! కథ బొబ్బిలిదే కావచ్చును, పలనాటిదే కావచ్చును. వంతగాని మాట మాత్రము ఆ యూరిది, ఆ నాటిది. 1876వ సంవత్సరపు నాటకప్రదర్శన చట్టము వ్రాతప్రతిని తెప్పించి చూడగలదు. వ్రాతలో లేని మాటను ఏమి చేయగలదు? 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కిటుకును ఎఱిగియే పొన్నెకల్లువాడైన షేక్ నాజరువంటి గాయకుని చేత ఊరూర కథ చెప్పించినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల 'మాభూమి' నాటకము తెలంగాణపు రైతుగోడును కోస్తాజిల్లాల కెఱిగించినది. దానిని నిషేధించినది తెల్లదొరలు కారు, ఎన్నికైన మద్రాసు మంత్రివర్గము. ఈ సంగతిని మనవారు తఱచు మఱచుచుందురు.

నోటిమాటకు ఇంకొక ముఖము కలదు. పట్టువడని మాట నిజమే కానక్కఱలేదు. 1975 జూను తరువాత వార్తాపత్రికలు సెన్సారుకు లోబడినపుడు సత్యముతోపాటు వదంతియు చెవులలోనే ప్రయాణము చేసెను. వినువానికి రెంటికి భేదమెట్లు తెలియును? ఇందులకు రష్యాదేశపు ఉదాహరణ మొకటి చెప్పవలెను. 1968 ఏప్రిలులో మాస్కోలో కొందఱు నిర్బంధముల వృత్తాంతములను టైపుకొట్టి, కార్బను కాగితములతో ప్రతులెత్తి, చేతినుండి చేతికి పంపసాగిరి. అందినవాడు మఱికొన్ని ప్రతులు తీయవలెను. ఆ పత్రములో తిట్టు లేదు, ఉద్రేకము లేదు. ఎవరిని, ఎప్పుడు, ఏ నేరముపై పట్టిరో మాత్రముండెను. పొరపాటు దొరలినచో తరువాతి సంచికలో సవరించెడివారు. రహస్యముగా నడచునట్టి పత్రము సవరణ ప్రకటించుటకంటె ప్రభుత్వమునకు వెగటైన పని వేఱొకటి లేదని మా యభిప్రాయము. అబద్ధాలకోరని కొట్టివేయుటకు వీలులేకపోయెను గదా.

నేడు ప్రతివాని చేతిలో ఫోనున్నది. ప్రతివాడు పత్రికయే యని సంతోషించుచున్నాము. కాని ఫోనునకు పట్టు దొరకదా? 2019 ఆగస్టులో కాశ్మీరమున ఇంటర్నెట్టు ఒక్క ఉత్తరువుతో నిలిచిపోయినది. ఇనుపయంత్రమును ఒక్కొక్కటిగా జప్తుచేయవలసి యుండెను. ఇప్పటిది ఒక్క మీటతో ఆగును. అట్టి ఉత్తరువులను ప్రకటింపవలయునని 2020 జనవరి 10న సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ప్రకటించినప్పుడే గదా వానిపై వ్యాజ్యమాడుట.

రేడియో మాట యింకను విచిత్రము. ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీముకోర్టు చెప్పినది. జహీరాబాదు దగ్గఱ మాచునూరులో దక్కను డెవలప్మెంటు సొసైటీకి చెందిన దళితస్త్రీలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను ప్రారంభించిరి. అనుమతి రాకమునుపే వారు తమ మాటలను టేపుల కెక్కించి సంఘములలో వినిపించుచుండిరి. విత్తనములు, పాటలు, వైద్యము, పండుగలు తమ యాసలోనే చెప్పుకొనిరి. అక్షరము రానివారికి అక్షరముతో పనిలేని పత్రిక యది. అయినను మన దేశమున సామాజిక రేడియో స్వంతముగా వార్తలు చెప్పరాదు. ఆకాశవాణి వార్తను ఉన్నదున్నట్లు మరల వినిపింపవచ్చును. తన యూరి చెఱువు కబ్జాను తానే వార్తగా చెప్పుటకు వీలులేదు. ఈ నిబంధనను సమర్థించుటకు భద్రత పేరు చెప్పుదురు. అనుమతి, చిరునామా, బాధ్యుని పేరు గల రేడియోకు వార్త నిషేధించి, పేరులేని ఫోనువార్తకు ఊరు విడిచిపెట్టుట యే భద్రతయో మాకు తెలియలేదు.

సామల్పట్టివంటి చోట, తెనుగు వినగలిగియు చదువలేని కుటుంబములకు అట్టి రేడియో యొకటి కావలెను. అందులో తమ మండీ ధరతోపాటు తమ తాలూకా కచ్చేరి సంగతియు వినబడవలెను. చెన్నపురిలోని మన న్యాయవాదులు ఆ నిబంధనను కోర్టున ప్రశ్నింపవచ్చును. ఇంజనీర్లు స్టేషను పెట్టుటలో తోడుపడవచ్చును. వార్తను సరిచూచి చెప్పు పద్ధతిని అచ్చటి యువకులకు నేర్పుట మావంటి పత్రికల పని. దానికై పిలుపు వచ్చినచో మేము పోవుటకు సిద్ధముగా నున్నాము.