బహుళ ఔషధ నిరోధక క్షయ

బహుళ ఔషధ నిరోధక క్షయ లేదా ఎం.డి.ఆర్. టి.బి. అనునది క్షయవ్యాధిలో ఒక మొండి రూపం. క్షయ చికిత్సకు ఆధారమైన ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు మందులకూ వ్యాధిక్రిమి లొంగనప్పుడు దానిని ఈ పేరుతో వ్యవహరిస్తారు. వాడుకలో 'మందులకు లొంగని టి.బి.' అని కూడా అంటారు. శరీరంలో ఏ అవయవానికైనా ఇది సోకవచ్చు గాని, ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తులలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 4 లక్షల మందికి ఈ రకం క్షయ వచ్చింది (రిఫాంపిసిన్ ఒక్కదానికే లొంగని క్షయతో కలిపి). అందులో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనిదే.

ఇది నయమయ్యే వ్యాధి. కాని దీని చికిత్స దీర్ఘమైనది, బాధాకరమైనది. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. ఆపై రోగికి అనుభవంలో మిగిలేది మందుల వలన కలిగే బాధ మాత్రమే. జబ్బు తగ్గినట్లు, మందే జబ్బు చేస్తున్నట్లు తోచే ఈ దశలోనే చాలామంది చికిత్సకు దూరమవుతారు.

క్రిమి ఎందుకు మొండికేస్తుంది

క్షయకు కారణమైన మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియాను కనుగొన్నట్లు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఇది చాలా నెమ్మదిగా పెరిగే క్రిమి. అనేక బాక్టీరియాలు అరగంటలోపే రెండింతలవుతాయి. క్షయక్రిమికి అందుకు సుమారు ఒక రోజు పడుతుంది. పైగా కొన్ని క్రిములు దాదాపు నిద్రాణస్థితిలో ఉండిపోతాయి. విభజన చెందుతున్న క్రిములను మందులు త్వరగా చంపగలవు గాని నిద్రాణమైన వాటిని చంపడానికి నెలలు పడుతుంది. క్షయ మందులను అంతకాలం వాడవలసి రావడానికి కారణం ఇదే.

మందుకు లొంగని గుణం క్రిమి జన్యువులలో యాదృచ్ఛికంగా జరిగే మార్పుల వలన కలుగుతుంది. ఐసోనియజిడ్‌కు లొంగని క్రిమి సుమారు 10 లక్షలలో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు 10 కోట్లలో ఒకటి పుడుతుంది. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క కుహరంలోనే కోట్లాది క్రిములు ఉంటాయి. కనుక ఒకే మందు ఇస్తే లొంగే క్రిములు చస్తాయి, లొంగనివి మిగిలి వృద్ధి చెందుతాయి. రెండు మందులు కలిపి ఇస్తే రెండింటికీ ఒకేసారి లొంగని క్రిమి పుట్టే అవకాశం కోటి కోట్లలో ఒకటి, అనగా దాదాపు లేనట్లే. క్షయకు ఎప్పుడూ కొన్ని మందులు కలిపి ఇవ్వడంలోని రహస్యం ఈ చిన్న లెక్కలోనే ఉంది. రోగి తనకు పడని బిళ్ళ ఒక్కటి పక్కనబెట్టి మిగిలినవి వేసుకుంటే ఈ లెక్క తప్పుతుంది. వైద్యుడు సరిపడని మందులు రాసినా, దుకాణంలో నాసిరకం మందు అమ్మినా, ఆసుపత్రిలో సరఫరా ఆగినా జరిగేది అదే.

ఈ వ్యాధి వచ్చినవారందరూ మందులు సరిగా వాడనివారే అనుకోవడం పొరపాటు. మందులకు లొంగని క్రిమి గాలి ద్వారా ఇతరులకు అదే రూపంలో సోకుతుంది. 2014-16లో భారతదేశంలో జరిపిన జాతీయ సర్వేలో, అంతకుముందు క్షయ మందులు వాడిన రోగులలో 11.6 శాతం మందికి, ఎన్నడూ వాడని కొత్త రోగులలో 2.84 శాతం మందికి ఈ రకం క్షయ ఉన్నట్లు తేలింది. కొత్త రోగుల సంఖ్య చాలా పెద్దది కనుక ఆ చిన్న శాతమే వేలాది మందికి సమానం. వారు చేసిన తప్పేమీ లేదు.

చరిత్ర

మందులు రాకముందు క్షయరోగులను శానిటోరియంలకు పంపి మంచి గాలి, ఆహారం, విశ్రాంతి ఇచ్చేవారు. తెలుగునాట మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, వికారాబాదు దగ్గరి అనంతగిరి అటువంటి ప్రదేశాలు. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు. బ్రిటనులో జరిపిన, 1948లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో ఈ మందుతో రోగులు మొదట బాగా కోలుకున్నా, కొద్ది నెలలలోనే చాలామందిలో క్రిమి దానికి లొంగకుండా పోయింది. ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్‌కు అదే ఏడాది ఈ మందు ఇవ్వగా శరీరం తట్టుకోలేక ఆపవలసి వచ్చింది. ఆయన 1950లో మరణించాడు. మందుకు క్రిమి లొంగకపోవడం, మందును రోగి భరించలేకపోవడం అనే రెండు చిక్కులూ క్షయ చికిత్సతోపాటే పుట్టాయన్నమాట.

1952లో ఐసోనియజిడ్, 1960వ దశకం చివర రిఫాంపిసిన్ వాడుకలోకి వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఒక గొప్ప మలుపు. పేద రోగులలో కొందరికి ఇంటివద్ద, కొందరికి శానిటోరియంలో ఒకే మందులు ఇచ్చి చూడగా ఫలితాలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇంట్లో ఉన్న రోగి వలన కుటుంబానికి అదనపు ప్రమాదమూ కలగలేదు. నేడు ఎక్కువమంది రోగులు ఇంటివద్దనే మందులు వాడుకోవడానికి పునాది ఈ అధ్యయనమే.

2006లో దక్షిణాఫ్రికాలోని టుగేలా ఫెర్రీ నుండి వెలువడిన నివేదిక ప్రపంచాన్ని కలవరపెట్టింది. దాదాపు ఏ మందుకూ లొంగని క్షయ సోకిన 53 మందిలో 52 మంది మరణించారు. వారిలో హెచ్.ఐ.వి. పరీక్ష జరిగిన వారందరికీ ఆ వ్యాధి కూడా ఉన్నది.

నిర్ధారణ

పూర్వం కళ్ళె (తెమడ)లోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసేవారు. ఫలితం రావడానికి వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పట్టేది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన సి.బి.నాట్ పరీక్షలో, రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో సుమారు రెండు గంటలలో తెలుస్తుంది. భారతదేశంలో తయారైన ట్రూనాట్ యంత్రం కూడా ఇదే పని చేస్తుంది. పరీక్షకు ఇవ్వవలసింది ఉమ్మి కాదు, లోతుగా దగ్గితే వచ్చే కళ్ళె. ఈ చిన్న విషయం తెలియక సరైన నమూనా ఇవ్వనివారు ఎందరో.

చికిత్స: పాతది, కొత్తది

2010వ దశకం వరకు ఈ వ్యాధికి 24 నుండి 27 నెలల చికిత్స ఉండేది. మొదటి ఆరు నుండి తొమ్మిది నెలలు కనామైసిన్ సూదిమందు, దానితోపాటు ఇథియోనమైడ్, సైక్లోసెరిన్ వంటి అనేక బిళ్ళలు వాడేవారు. కనామైసిన్ లోపలి చెవిలోని సున్నితమైన కణాలను నశింపజేస్తుంది. అలా పోయిన వినికిడి తిరిగిరాదు. ప్రాణమా, చెవులా అన్న ప్రశ్న ఎదుర్కొన్న రోగులు అనేకులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కనామైసిన్ ఇక వద్దని ప్రకటించింది.

దీనికి మార్గం చూపినది బెడాక్విలిన్ అనే బిళ్ళ. 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, క్షయకు నలభై ఏళ్ళ తరువాత వచ్చిన కొత్త తరహా మందు. భారతదేశంలో 2016లో పరిమితంగా ఇవ్వడం మొదలైంది. దీనిపై తయారీ సంస్థ పేటెంటు గడువును పొడిగించవద్దని ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసీలె 2019లో భారత పేటెంటు కార్యాలయంలో అభ్యంతరం దాఖలు చేశారు. ఇద్దరూ క్షయ చికిత్సలో వినికిడి కోల్పోయినవారు. 2023 మార్చిలో కార్యాలయం పొడిగింపును తిరస్కరించడంతో, అదే ఏడాది జూలైలో అసలు పేటెంటు ముగిసిన తరువాత చౌకగా ఈ మందు తయారుచేయడానికి వీలు కలిగింది.

బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ అనే నాలుగు మందులతో ఆరు నెలలలో ముగిసే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫార్సు చేయగా, భారత ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఆమోదించింది. ఇందులో సూదిమందు లేదు. 14 ఏళ్ళు నిండినవారికే దీనిని ఇస్తారు. చిన్నపిల్లలకు, గర్భిణులకు ప్రిటోమానిడ్ లేని వేరే కూర్పులున్నాయి. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం క్రింద పరీక్షలు, మందులు ఉచితం.

మందుల బాధలు, వాటిని తట్టుకోవడం

కొత్త చికిత్స చిన్నదైనా తేలికైనది కాదు. లినెజోలిడ్ వలన అరికాళ్ళు, అరచేతులు తిమ్మిరెక్కడం, మంటలు పుట్టడం, రక్తం తగ్గడం, అరుదుగా చూపు మందగించడం జరుగుతాయి. దక్షిణాఫ్రికాలో 109 మందిపై జరిపి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ మందును రోజుకు 1200 మిల్లీగ్రాములు ఇవ్వగా 81 శాతం మందికి నరాల బాధ కలిగింది. అయినా 90 శాతం మంది కోలుకున్నారు. తరువాతి ప్రయోగాల ఫలితంగా మోతాదును 600 మిల్లీగ్రాములకు తగ్గించారు. రోగులు తమ బాధ చెప్పినందువల్ల, దానిని లెక్కగట్టినందువల్ల వచ్చిన మార్పు ఇది.

చికిత్స కాలంలో రోగి నేర్చుకోవలసిన ముఖ్యమైన పని కూడా ఇదే: బాధను దాచి బిళ్ళ మానడం కాక, బాధను చెప్పి బిళ్ళ మార్పించుకోవడం. తిమ్మిరి మొదట్లోనే చెబితే వైద్యుడు లినెజోలిడ్ మోతాదు తగ్గించగలడు, అవసరమైతే కొంతకాలం ఆపగలడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోవడం, అక్షరాలు మసకబారడం వెంటనే చెప్పవలసిన లక్షణాలు. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్ససిన్ గుండె లయపై ప్రభావం చూపుతాయి గనుక మధ్యమధ్య ఇ.సి.జి. తీస్తారు. గుండె దడ, కళ్ళు తిరగడం ఉంటే పరీక్ష తేదీ వరకు ఆగరాదు. కళ్ళు పచ్చబడటం, ఆకలి పూర్తిగా పోవడం కాలేయం దెబ్బతిన్నదనడానికి గుర్తులు. చికిత్స ముగిసేవరకు మద్యం పూర్తిగా మానవలసినదే.

పెద్ద కూర్పులలో వాడే క్లోఫజిమిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది. ఇది ప్రమాదకరం కాదు, మందు ఆపిన కొన్ని నెలలకు రంగు తిరిగివస్తుంది. అయినా నలుగురిలో జబ్బు బయటపడుతుందన్న బెంగతో, ముఖ్యంగా యువతులు, దీనికే ఎక్కువ కుంగిపోతారు. ముందే చెప్పి ఉంచితే ఆ బెంగ సగం తగ్గుతుంది. సైక్లోసెరిన్ వలన దిగులు, నిద్రలేమి, లేనిపోని అనుమానాలు, ఒక్కోసారి ఆత్మహత్య ఆలోచనలు కలుగుతాయి. వీటిని రోగి గుణదోషంగా ఇంటివారు భావించరాదు. అవి మందు చేసే పనులు. మందు మారిస్తే తగ్గుతాయి.

వాంతులు కొత్త రోగులను బాగా బాధిస్తాయి. బెడాక్విలిన్, ప్రిటోమానిడ్‌లను భోజనంతో తీసుకోవాలి, అప్పుడే అవి ఒంటికి బాగా పడతాయి. కడుపు మంటకు వాడే యాంటాసిడ్లు, రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ బిళ్ళలు మాక్సిఫ్లాక్ససిన్‌ను ఒంటికి పట్టనివ్వవు గనుక వాటి మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. మందుల దుకాణంలో అడిగి ఏదో ఒక బిళ్ళ తెచ్చుకునే అలవాటు ఈ ఆరు నెలలూ మానుకోవాలి.

ఇంటివద్ద జాగ్రత్తలు

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. కంచాలు, గ్లాసులు, బట్టల ద్వారా వ్యాపించదు. అయినా అనేక ఇళ్ళలో రోగికి ముందుగా వేరు చేసేది కంచాన్నే. కిటికీ మాత్రం మూసే ఉంటుంది. చేయవలసినది ఇందుకు విరుద్ధం. గదిలోకి గాలి, ఎండ రానివ్వాలి, మొదటి వారాలలో రోగి మాస్కు పెట్టుకోవాలి, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కళ్ళెను మూత ఉన్న డబ్బాలో వేయాలి. ఇంట్లోని వారందరికీ, ముఖ్యంగా అయిదేళ్ళలోపు పిల్లలకు పరీక్ష చేయించాలి. వారికి వ్యాధి లేదని తేలితే ఆరు నెలలపాటు లీవోఫ్లాక్ససిన్ ముందుజాగ్రత్తగా ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సూచించింది.

ఆహారం సంగతి తేలికగా తీసుకోదగినది కాదు. ఝార్ఖండులో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం ఇచ్చినప్పుడు ఇంటివారిలో కొత్తగా క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గింది. ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన క్రింద 2018 ఏప్రిల్ నుండి రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేది; 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. పని మానుకొని ఇంట్లో కూర్చున్న కూలి మనిషికి ఇది చాలదనే చెప్పాలి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగ వంటివి రోగికి అవసరం. ఖరీదైన టానిక్కుల కంటే ఇవే మేలు.

మందు మధ్యలో ఆపినవారిని వైద్యశాఖ పత్రాలలో చాలాకాలం 'డిఫాల్టర్లు' అని రాసేవారు. అప్పు ఎగవేసినవారికి వాడే మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఈ మాటను తొలగించింది. పని కోసం వలస వెళ్ళినవారు, బాధ భరించలేక మానినవారు, అత్తవారింట చెప్పలేక దాచినవారు వీరిలో ఉంటారు. ఊరు మారేవారు చికిత్సను కొత్త ఊరి ఆసుపత్రికి బదిలీ చేయించుకోవచ్చు. నిక్షయ్ అనే కంప్యూటర్ నమోదులో రోగి వివరాలు ఉంటాయి గనుక మొదటినుండి మళ్ళీ ప్రారంభించనక్కరలేదు.

నయమైన తరువాత

క్రిమి పోయినా ఊపిరితిత్తిలో మచ్చలు, కుహరాలు మిగలవచ్చు. వాయునాళాలు శాశ్వతంగా వెడల్పై తరచు కళ్ళె పడటం, మెట్లెక్కితే ఆయాసం, పాత కుహరంలో బూజు పెరిగి కళ్ళెలో రక్తం కనిపించడం కొందరిలో జరుగుతాయి. వీటిని చూసి క్షయ తిరగబెట్టిందని సొంతంగా పాత మందులు మొదలుపెట్టరాదు, కళ్ళె పరీక్ష చేయించాలి. శ్వాస వ్యాయామాలు, క్రమంగా పెంచే నడక, పొగతాగడం మానడం వలన ఊపిరి మెరుగవుతుంది. చికిత్స ముగిసిన తరువాత రెండేళ్ళ వరకు ఆరు నెలలకొకసారి పరీక్షకు రమ్మని వైద్యులు చెబుతారు.